వేరుబూజు హాజరు కావలెను

యల్లమంద చేసిన తప్పు ఒక్కటే. అర్జీలో ఉన్నమాట రాశాడు.

రావులమిట్టలో అతనికి రెండున్నర ఎకరాల ఎర్రచేను ఉంది. వానలు మొహం చాటేసిన ఏడాది దాన్ని బీడు పెట్టి, బెంగుళూరులో ఎనిమిదంతస్తుల అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా వెళ్ళాడు. ఆరేళ్ళు ఆ గేటు దగ్గర నిలబడ్డాడు. వచ్చేపోయే కార్లకు సలాములు కొట్టాడు, తనకంటే మంచి తిండి తినే కుక్కల్ని షికారు తిప్పాడు, లిఫ్టు ఆగిపోయినప్పుడల్లా తిట్లు తిన్నాడు. ఇక చాలురా దేవుడా అనుకుని భార్య అచ్చమ్మతో తిరిగొచ్చేసరికి, చేనున్న చోట చేను లేదు. సర్కారు తుమ్మ ఉంది.

సర్కారు తుమ్మను ఎరగనివాళ్ళు ఆ పక్క ఎవరూ లేరు. ఎప్పుడో ఏ సర్కారో ఎక్కడి దేశం నుంచో తెప్పించి, వంటచెరకుకు పనికొస్తుందని చల్లించిందట. అందుకని ఆ పేరు. పెట్టిన సర్కారు ఏమైందో తెలియదు గానీ తుమ్మ మాత్రం ఉండిపోయింది. నరికితే ఒక కొమ్మకు నాలుగు కొమ్మలు వేస్తుంది. యల్లమంద రెండుసార్లు నరికాడు, రెండుసార్లూ ముల్లు కాల్లో దిగి మంచాన పడ్డాడు. మళ్ళీ లేచి చూసేసరికి తుమ్మ అతనికంటే ముందే లేచి కూర్చుంది.

ఈ ఏడు కంది వెయ్యాలి. వెయ్యకపోతే మళ్ళీ ఆ గేటే గతి. బావమరిది ఆ వాచ్‌మన్ కుర్చీని పుబ్బ కార్తె దాకా ఎవరికీ పోకుండా పట్టి ఉంచుతానన్నాడు. పుబ్బ వచ్చిందంటే ఎటూ కంది విత్తే అదను దాటిపోతుంది. ఆ కుర్చీ తలచుకుంటేనే యల్లమందకు అన్నం సహించడం లేదు.

దారి చూపించింది అచ్చమ్మే. "సర్కారు తుమ్మంటే సర్కారుదే గదా. వాళ్ళ చెట్టుకి మన చేలో ఏం పని? వచ్చి పీక్కపొమ్మని రాయి" అంది.

యల్లమందకు ఆ మాట న్యాయంగానే తోచింది. రోహిణి ఎండలో మండల ఆఫీసు బయట కూర్చుని, సోమవారం అర్జీల పెట్టెలో వెయ్యడానికి ఇలా రాశాడు: "అయ్యా, తమరి తుమ్మ నా చేలో ఉన్నది. దయచేసి తమరు వచ్చి తీసుకుపోగలరు."

తహసీల్దారు అనంతపద్మనాభం గారికి కాగితమంటే మహా గౌరవం. మనిషి ఎదురుగా నిలబడి చెప్పేది ఆయన చెవికి సరిగా ఎక్కదు. అదే విషయం కాగితం మీదికి వస్తే కళ్ళజోడు తుడుచుకుని మరీ చదువుతారు. యల్లమంద అర్జీని అలాగే చదివి, అతని వంక కొత్తగా చూశారు.

"అంటే, ప్రభుత్వపు చెట్లు నీ స్వాధీనంలో ఉన్నట్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నావు."

"ఒప్పుకోడం ఏందయ్యా, తీసకపొమ్మంటుండా."

"ఆ రెంటికీ నడుమ చాలా ప్రొసీజరు ఉంటుంది. ముందుగా సాంకేతిక నివేదిక తెప్పించవలసి ఉంది. అంతవరకు సదరు చెట్ల మీద చెయ్యి పడరాదు."

సాంకేతిక నివేదిక ఇవ్వడానికి వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి డాక్టర్ షంషాద్ వచ్చింది. ముప్పయ్యేళ్ళ అమ్మాయి, మట్టి శాస్త్రవేత్త. టోపీ పెట్టుకుని, గునపం తనే పట్టుకుని, తుమ్మ మొదట్లో జానెడు లోతు తవ్వింది. ఒక సన్నని వేరు తుంచి నీళ్ళలో కడిగి, పెట్టెలోంచి భూతద్దం తీసి యల్లమంద చేతికిచ్చింది. వేరు చుట్టూ తెల్లని నూలుపోగుల్లాంటివి కనిపించాయి.

"అది శిలీంధ్రం. మీ భాషలో బూజు అనుకోండి. వేరుకి అంటుకుని ఉంటుంది. ఈ పోగులు వేరు వెళ్ళలేని సందుల్లోకి కూడా వెళ్ళి నీళ్ళూ, భాస్వరమూ తెచ్చి చెట్టుకిస్తాయి. చెట్టు ఆకుల్లో తయారయ్యే తీపిని వీటికి పెడుతుంది. ఈ తోడు దొరకబట్టే పరాయి దేశపు తుమ్మ మీ చేలో ఇంత బలంగా పాతుకుపోయింది" అంది షంషాద్.

యల్లమంద భూతద్దాన్ని వేరుకు ఇంకా దగ్గరగా పెట్టి చూశాడు. "ముఠా కూలీ అన్నమాట. ఎవరు అన్నం పెడితే వాళ్ళకి మోస్తది."

"సరిగ్గా అంతే. దానికి తుమ్మే కావాలనేం లేదు. రేపు మీరు కంది వేస్తే కందికీ మోస్తుంది."

"అయితే దీని మీద నాకేం కోపం లేదు మేడం. తుమ్మని పీకిస్తే చాలు."

ఇంత తేలిగ్గా అర్థం చేసుకునే రైతు దొరికాడని షంషాద్ మురిసిపోయి, ఆ రోజే మూడు వాక్యాల నివేదిక పంపింది. అందులో ఒక్క తప్పు మాట లేదు.

"సదరు భూమిలో సర్కారు తుమ్మ ఆక్రమణకు నేలలోని శిలీంధ్రము సహకరించుచున్నది. ఈ రెండును సహజీవనము చేయుచున్నవి. తుమ్మను వేళ్ళతో పెకలించి వెంటనే కంది విత్తినచో అదే శిలీంధ్రము కందికి ఉపకరించును."

అనంతపద్మనాభం గారు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు.

ఆక్రమణ అనే మాట కంటపడితే రెవెన్యూ వాళ్ళకు ఇంకేమీ కనిపించదు. చెరువు ఆక్రమణ, పోరంబోకు ఆక్రమణ, శ్మశానం ఆక్రమణ చూసి చూసి ఆయన తల నెరిసింది. ఇప్పుడు పట్టా భూమిలో ఆక్రమణ, దానికి సహకరించినవాడు ఒకడు. వెంటనే కేసు కట్టారు. మొదటి ప్రతివాది సర్కారు తుమ్మ, రెండో ప్రతివాది శిలీంధ్రం, అలియాస్ వేరుబూజు.

సాయంత్రానికి మొదటి ప్రతివాది పేరు కొట్టేశారు. పేరులోనే సర్కారు ఉంది గనుక అది ప్రభుత్వ పక్షం. ప్రభుత్వ పక్షం మీద ప్రభుత్వమే కేసు పెట్టాలంటే పైనుంచి అనుమతి రావాలి. మిగిలింది బూజు ఒక్కటే. భూమి వివాదంలో పడింది కనుక, తీర్పు వచ్చేదాకా ఎవరూ అందులో దున్నరాదు, విత్తరాదు, నరకరాదని యథాతథ స్థితి ఉత్తర్వు కూడా ఇచ్చారు.

"నేను గదయ్యా అర్జీ పెట్టింది" అన్నాడు యల్లమంద.

"అందుకే నీ అర్జీ మీద ఇంత వేగంగా చర్య తీసుకున్నాం" అన్నారు అనంతపద్మనాభం గారు.

బూజుకు నోటీసు అందజేసే పని గ్రామ రెవెన్యూ అధికారి సాల్మన్ మీద పడింది. సాల్మన్ మంచివాడు, పై నుంచి వచ్చిన కాగితానికి కింద సంతకం పెట్టి బతుకుతున్నవాడు. నోటీసు ఫారం పట్టుకుని చేను గట్టు మీద కూర్చుని, షంషాద్‌కు ఫోన్ చేశాడు.

"మేడం, ప్రతివాది తండ్రి పేరు కావాలండి."

"దేనికి తండ్రి?"

"బూజుకండి."

"దానికి తండ్రి ఉండడండీ. సిద్ధబీజం నుంచి పుడుతుంది."

సాల్మన్ 'తండ్రి పేరు: సిద్ధబీజం' అని రాసుకుని, థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాడు. వయస్సు దగ్గర 'మేజరు' అని రాశాడు. నివాసం దగ్గర 'సర్వే నంబరు 118/2, జానెడు లోతున' అని రాశాడు. నోటీసు సాధారణమైన నోటీసే. అందిన పదిహేను దినములలో స్వయముగా గాని, వకీలు ద్వారా గాని హాజరు కావలెను. లేనిచో చెప్పుకొనుటకు మీ వద్ద ఏమియు లేదని భావించబడును.

ముందు దండోరా వేయించారు. డప్పు కొట్టే మీరయ్య చేను చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఇందుమూలంగా యావన్మంది బూజులకీ తెలియజేసేది ఏమనంగా" అని మట్టికేసి వంగి మరీ చాటాడు. తర్వాత ఇద్దరు సాక్షుల ఎదుట నోటీసును మడిచి తుమ్మ మొదట్లో జానెడు లోతున పాతిపెట్టారు.

"ఇది ఎన్నాళ్ళు పడుద్ది సాల్మనూ?" అని అడిగాడు యల్లమంద.

"అదెంత, పదైదు రోజులే గదన్నా" అన్నాడు సాల్మన్.

ఆరుద్రలో రెండు మంచి వానలు పడ్డాయి. పక్క చేలవాళ్ళు గొర్రులు కట్టారు. యల్లమంద గట్టు మీద కూర్చుని, తడిసిన మట్టి వాసన పీలుస్తూ, ఆ మట్టిలో నానుతున్న నోటీసు గురించి ఆలోచిస్తూ ఉండిపోయాడు. అతనికి ఏడుపొచ్చింది.

పదిహేనో రోజున తవ్వి చూస్తే నోటీసు సగం లేదు. మిగిలిన సగానికి తెల్లగా బూజు పట్టి ఉంది. సాల్మన్ దాన్ని కవరులో పెట్టుకుపోయాడు. అనంతపద్మనాభం గారు సంతోషించి, 'నోటీసు స్వయముగా స్వీకరించబడినది' అని రాయబోతుండగా, చేసిన మేలు చాలక షంషాద్ ఇంకొక నిజం చెప్పింది.

"సార్, కాగితం తినేది వేరే బూజు. ఇది వేరుబూజు. ఇది కాగితం ముట్టుకోదు."

"వేరే బూజు, వేరుబూజు" అని ఆయన రెండుసార్లు పలికి చూసుకున్నారు. "అక్షరం తేడా. అనగా నోటీసు ఒకరిదైతే తీసుకున్నది మరొకరు. సాల్మన్, పొరుగువాళ్ళ చేతికి నోటీసు ఇచ్చి వచ్చావు. ఇది చాలా బాధ్యతారాహిత్యం."

సాల్మన్ సంజాయిషీ రాసిచ్చాడు. రెండోసారి ఆ వేరే బూజు తినకుండా నోటీసును ప్లాస్టిక్ కవరులో పెట్టి పాతారు. మళ్ళీ పదిహేను రోజులు. పునర్వసు వెళ్ళిపోయి పుష్యమి వచ్చింది. తవ్వి చూస్తే కవరు కవరులాగే ఉంది. లోపలి కాగితం మడత కూడా నలగలేదు.

ఈసారి ఎవరికీ అనుమానం రాలేదు. 'ప్రతివాది నోటీసు పుచ్చుకొనుటకు నిరాకరించినది' అని రాసి, ఫైలును డివిజను ఆఫీసుకు పంపించారు.

డివిజను ఆఫీసు వాళ్ళు మండలం వాళ్ళంత తొందరపాటు మనుషులు కారు. వాళ్ళు రెండో వాక్యం కూడా చదివారు. దాంతో ఫైలు మరింత బరువై తిరిగొచ్చింది.

"ఉభయులు సహజీవనము చేయుచున్నట్లు నివేదికలో స్పష్టముగా నున్నది. వీరికి వివాహము జరిగినదా? జరగనిచో ఏల జరగలేదు? ఒక పక్షము సర్కారు సంబంధితమైనందున ఇది ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి క్రిందకు వచ్చును. కుటుంబ కౌన్సెలింగ్ జరిపించి నివేదించవలెను."

ఈ కాగితంతో సర్కారు తుమ్మ ప్రభుత్వోద్యోగి అని తేలిపోయింది. పైవాళ్ళే రాశాక కాదనే ధైర్యం మండలంలో ఎవరికి ఉంది?

కౌన్సెలింగుకు జిల్లా కేంద్రం నుంచి సుగుణావతి గారు వచ్చారు. ముప్పయ్యేళ్ళుగా విడిపోతామన్న మొగుడూపెళ్ళాలను కలిపి పంపిస్తున్న మనిషి. చేలో షామియానా వేసి మూడు కుర్చీలు వేశారు. ఒక కుర్చీలో ఆవిడ కూర్చున్నారు. ఒకటి తుమ్మ పక్కన పెట్టారు. మూడోదాన్ని బూజు కోసం గోతిలోకి దింపారు. ఆ పక్షాన మాట్లాడడానికి మనిషి లేక షంషాద్‌ను నిలబెట్టారు.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారమ్మా?" అని మొదలుపెట్టారు సుగుణావతి గారు.

షంషాద్ చుట్టూ చూసింది. యల్లమంద చేతులు కట్టుకుని దీనంగా నిలబడి ఉన్నాడు. ఈ తతంగం ఎంత తొందరగా ముగిస్తే అతనికి అంత మేలనుకుంది.

"తుమ్మేనండి. రోజంతా ఎండలో నిలబడి వండుతుంది."

"మరి ఆ పక్క?"

"నేలంతా తిరిగి నీళ్ళు తెస్తుంది. భాస్వరం తెస్తుంది. తెచ్చినదాంట్లో దాచుకునేది తక్కువ."

"తగాదాలు?"

"తెలిసినంతలో లేవండి."

"అత్తామామలు?"

"ఆ ఏర్పాటు లేదండి."

సుగుణావతి గారు కళ్ళద్దాలు తీసి పైటతో కళ్ళు ఒత్తుకున్నారు. "నా సర్వీసులో ఇంత అన్యోన్యంగా ఉన్న జంటను చూడలేదు" అన్నారు. అంటూ అక్కడ ఉన్న మగవాళ్ళందరి వంకా ఒకసారి చూస్తే, సాల్మన్ ఎందుకో తల దించుకున్నాడు. ఆవిడ అక్కడికక్కడే రాసిచ్చారు: ఉభయులను భార్యాభర్తలుగా పరిగణించవలెను, వీరిని విడదీసిన యెడల కుటుంబ వ్యవస్థకు విఘాతము.

దాంతో తుమ్మను పీకడం కాపురం కూల్చడం కిందికి వచ్చింది.

ఆశ్లేష వచ్చేసింది. బావమరిది ఫోన్ చేసి, కుర్చీకి ఇంకో మనిషి వచ్చి అడిగిపోయాడనీ, ఎక్కువ రోజులు ఆపలేననీ చెప్పాడు. అచ్చమ్మ మాట్లాడకుండా ట్రంకుపెట్టె కిందికి దించి, దుమ్ము దులిపింది. అది చూసి యల్లమంద ఇంట్లో ఉండలేక మండల ఆఫీసుకు వెళ్ళి, ఎవరినీ ఏమీ అడగకుండా వరండా బెంచీ మీద కూలబడ్డాడు.

కిటికీ అవతల కంప్యూటరు ముందు హైమావతి టైపు చేస్తూ ఉంది. ఆ ఆఫీసులో పుట్టే ప్రతి అక్షరమూ ఆమె వేళ్ళ మీదుగానే బయటికి వస్తుంది. బూజు నోటీసు టైపు చేసిందీ ఆమే, సుగుణావతి గారి కాగితం టైపు చేసిందీ ఆమే.

"బాబాయ్, ఆ రిపోర్టులో మూడో వాక్యం ఒకటుంది. ఎవరైనా చదివారా?" అంది కిటికీలోంచి.

"ఏమోనమ్మా. ఏముంది అందులో?"

"తుమ్మని పీకి కంది వేస్తే సరిపోద్దని ఉంది. మూడు కాపీలు కొట్టా. అంతదాకా ఎవరూ రాలా." ఆమె టైపు ఆపలేదు. "నువ్వు అడిగే పద్ధతి బాగా లేదు బాబాయ్. తుమ్మని తీసెయ్యమని అడుగుతున్నావు. అది ఇప్పుడు ప్రభుత్వోద్యోగి. ఉద్యోగిని తియ్యడం బ్రహ్మ తరం కాదు. బదిలీ చెయ్యమని అడుగు."

హైమావతి ఒక తెల్ల కాగితం తీసి అర్జీ తనే టైపు చేసి ఇచ్చింది. సదరు సర్కారు తుమ్మ ఒకే స్థానములో ఆరేళ్ళుగా పాతుకొనిపోయి ఉన్నది. అయిదేళ్ళు దాటిన వారిని తప్పనిసరిగా బదిలీ చేయవలెనని నిబంధన ఉన్నందున తగు చర్య తీసుకొన ప్రార్థన.

అనంతపద్మనాభం గారు ఆ అర్జీ చదువుతూ చదువుతూ కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. మూడు నెలల్లో ఆయన ముఖంలో వెలుగు రావడం యల్లమంద అప్పుడే చూశాడు.

"పాతుకొనిపోయి ఉన్నది" అని ఆయన ఆ మాటలు మళ్ళీ చదివారు. "ఇది సహించరానిది. ఇన్నాళ్ళూ ఈ కోణంలో ఎవరూ నా దృష్టికి తీసుకురాలేదు."

బదిలీలనగానే ఆఫీసు ఆఫీసంతా లేచి కూర్చుంది. సీనియారిటీ లెక్కకు చెట్లను ఎంచితే నూట నలభై ఆరు తేలాయి. లావు మొదలున్నవి సీనియర్లు. మళ్ళీ కౌన్సెలింగ్ పెట్టారు. ఈసారిది బదిలీల కౌన్సెలింగ్. భార్యాభర్తలను ఒకే చోట వెయ్యాలనే స్పౌజ్ కేటగిరీ అడ్డం వచ్చింది గానీ, దానికి బూజు సమ్మతి పత్రం ఇవ్వాలి. గడువులోగా ఇవ్వలేదు. కదలడం దానికి ఇష్టం లేదని రాసుకున్నారు.

"కాపురం చెడిపోద్దేమో సార్" అన్నాడు సాల్మన్, సుగుణావతి గారిని తలచుకుని.

"ఉద్యోగధర్మంలో ఇవి తప్పవు. నేనూ మా ఆవిడా పదకొండేళ్ళు వేరువేరు ఊళ్ళలో ఉన్నాం. మాకేమైంది?" అన్నారు అనంతపద్మనాభం గారు, కొంచెం హుషారుగానే.

బదిలీ చెయ్యాలంటే ఖాళీలు కావాలి. మండలంలో వాటికి కొరవ లేదు. ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్లు ఉండాల్సిన చోట ఎవరూ లేరు, అక్కడికి మూడు తుమ్మలు పోయాయి. హైస్కూల్లో లెక్కల మాస్టారి ఖాళీలో ఒకటి, హిందీ పండితుడి ఖాళీలో ఒకటి చేరాయి. పశువుల ఆసుపత్రికి రెండు, కరెంటు ఆఫీసుకు తొమ్మిది, గ్రంథాలయానికి ఒకటి. ఏళ్ళ తరబడి మనిషి రాని ప్రతి కుర్చీ పక్కనా ఒక గొయ్యి తీశారు. మండలంలో ఖాళీలన్నీ భర్తీ అయినట్లూ, హాజరు నూటికి నూరు శాతంగా ఉన్నట్లూ, సెలవు అడిగినవారు ఒక్కరూ లేనట్లూ పైకి రిపోర్టు వెళ్ళింది. పైనుంచి అభినందన లేఖ వచ్చింది.

మఖ కార్తెలో ఒక బుధవారం పొద్దున పొక్లెయిన్ వచ్చింది. దానికంటే ముందు వీడ్కోలు సభ జరిగింది. అనంతపద్మనాభం గారు మాట్లాడుతూ, ఆరేళ్ళలో ఏనాడూ విధులకు గైర్హాజరు కాని సిబ్బంది దొరకడం అరుదన్నారు. అందరికంటే సీనియరైన తుమ్మకు శాలువా కప్పారు. కప్పిన శాలువా ముళ్ళకు చిక్కుకుని ఎంత లాగినా రాలేదు, చివరికి దానితోనే ట్రాక్టరెక్కించారు.

సాయంత్రానికి చేను ఖాళీ అయింది. అంత ఖాళీ చేను యల్లమంద ఏడేళ్ళలో చూడలేదు. మొదట్లో నడవడానికే భయపడ్డాడు. తర్వాత చెప్పులు విడిచి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఊరికే నడిచాడు. కాలికి ఒక్క ముల్లు గుచ్చుకోలేదు. ఆనందం పట్టలేక, చూసేవాళ్ళున్నారని కూడా చూడకుండా, భోరున ఏడ్చాడు. మర్నాడే అరక తెచ్చి దున్ని, గొర్రు తోలాడు; వెనకే అచ్చమ్మ విత్తనం వేసింది. ఆరో రోజుకు కంది మొలకెత్తింది.

ఏడో రోజున సాల్మన్ వచ్చాడు. చేతిలో కాగితముంది.

"అన్నా, నామీద కోప్పడమాక" అన్నాడు ముందే.

118/2 సర్వే నంబరులో నూట నలభై ఆరు పోస్టులు ఖాళీ అయ్యాయి. వాటి భర్తీకి పక్క మండలం నుంచి నూట నలభై ఆరు తుమ్మలు కోరుకుని వస్తున్నాయి. గురువారం ట్రాక్టర్లు దిగుతాయి.

యల్లమంద కట్టుకున్న పంచెతోనే మండల ఆఫీసుకు పరిగెత్తాడు.

"అయ్యా, ఖాళీ ఎక్కడుందయ్యా? కంది మొలిచింది. చేను నిండా కందే."

"కంది ఏ నోటిఫికేషను ద్వారా వచ్చింది?" అన్నారు అనంతపద్మనాభం గారు.

"నేను చల్లితే వచ్చిందయ్యా."

"చూశావా. అది రెగ్యులర్ నియామకం కాదు. పోస్టు పోస్టుగానే ఉంది. పోస్టును ఖాళీగా ఉంచితే రద్దయిపోతుంది. నూట నలభై ఆరు పోస్టులు నా హయాంలో రద్దయ్యాయంటే నేను ఎవరికి ముఖం చూపించాలి?"

యల్లమంద గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని కళ్ళ ముందు బెంగుళూరు గేటు కనిపించింది.

"సార్" అంది హైమావతి, కంప్యూటరు మీంచి తల తిప్పకుండా. "కందిని ఔట్‌సోర్సింగ్‌లో వేసుకోవచ్చు. పోస్టు పోదు."

అనంతపద్మనాభం గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. కందికి నోటిఫికేషను అక్కర్లేదు, పెన్షను అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఎటునుంచి చూసినా అభ్యంతరం కనిపించలేదు. సరేనన్నారు.

హైమావతి టైపు చేసింది. ఈ నియామకము ఆరు మాసములకు మాత్రమే. ఎట్టి ఉద్యోగ భద్రతయు ఉండదు. గడువు తీరిన వెంటనే, కారణము చూపకుండగను, నోటీసు ఇవ్వకుండగను తొలగించబడును. అలా ఆగకుండా కొడుతూనే పోయింది. చూసి కొట్టడానికి ముందర కాగితం ఏదీ లేదు.

"ఆర్నెల్లకి కోసుకోవచ్చామ్మా?" అని మెల్లగా అడిగాడు యల్లమంద.

"శుభ్రంగా కోసుకో. తుమ్మని ముట్టుకుంటే కేసు. కందిని ఏ రోజు కోసినా అడిగే నాథుడు లేడు." ప్రింటు తీసి చేతికిచ్చింది.

"నీకెన్నేళ్ళమ్మా ఇక్కడ?"

"పదకొండు. ఆరేసి నెలలు, ఇరవై రెండు సార్లు."

ఆ ఏడు కంది బ్రహ్మాండంగా కాసింది. షంషాద్ వచ్చి ఒక మొక్క పీకి వేరు చూపించింది. తుమ్మకు మోసిన పోగులే కందికీ మోస్తున్నాయి. ఆమె నివేదిక రాస్తానంటే యల్లమంద చేతులెత్తి దణ్ణం పెట్టాడు. పాపం, ఆ అమ్మాయి రాయకుండా వెళ్ళిపోయింది.

మాఘమాసంలో కోత కోసి, నూర్చి, మొదటి కందులు పప్పు పట్టించి, యల్లమంద ఆ మూట భుజాన వేసుకుని మండల ఆఫీసుకు వెళ్ళాడు. కంప్యూటరు ముందు కుర్చీలో హైమావతి లేదు. కుర్చీలో సిమెంటు కుండీ ఉంది. కుండీలో తుమ్మ ఉంది.

"ఆ పిల్ల ఏదయ్యా?" అన్నాడు.

"గడువు తీరింది. పర్మనెంటు స్టాఫు జాయినయ్యారు" అన్నారు అనంతపద్మనాభం గారు. "టైపింగు కొంచెం నెమ్మది. కొత్తచోటు కదా, ఆకులు కూడా రాలుస్తున్నారు. అందుకని సహాయకురాలిని ఒకరిని తీసుకున్నాం, ఔట్‌సోర్సింగ్‌లో."

తలుపు తోసుకుని హైమావతి వచ్చింది. చేతిలో నీళ్ళ చెంబు ఉంది. కుండీలో నీళ్ళు పోసి, రాలిన ఆకులు ఏరి, కుర్చీ పక్కన వేసిన ముక్కాలి పీట మీద కూర్చుని, కీబోర్డును ఒళ్ళోకి లాక్కుంది.

"ఇరవై మూడోసారి బాబాయ్. పంట బాగా వచ్చిందా?"

యల్లమంద మూట ఆమె పక్కన దించాడు. హైమావతి టైపు చేసిన కాగితం ప్రింటు తీసి, తప్పులు చూసుకుని, తుమ్మకొమ్మ దగ్గరికి తీసుకెళ్ళి అడుగున ఒక ముల్లుకు గుచ్చి తీసింది. కాగితానికి చిన్న చిల్లు పడింది.

"సంతకం అయింది సార్" అని ఆ కాగితాన్ని తహసీల్దారు గారి బల్ల మీద పెట్టింది.